చీటీ పాడితే ఇల్లు రాదు, సంఘం కడితే వస్తుంది

గల్ఫ్‌కు ఎందుకొచ్చావని మన క్యాంపుల్లో ఎవర్ని అడిగినా మూడు జవాబులే వస్తాయి. అప్పు తీర్చాలి, పిల్ల పెళ్లి చెయ్యాలి, ఇల్లు కట్టుకోవాలి. అప్పు ఎలాగోలా తీరుతుంది. పెళ్లి ఇంకో అప్పుతో అయిపోతుంది. ఇల్లు మాత్రం పిల్లర్ల దగ్గర ఆగిపోతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఊళ్లకు వెళ్లి చూడండి. రాయచోటి, రాజంపేట వైపు చూడండి, కోనసీమకు వెళ్లి చూడండి. స్లాబు పడని గోడలు, తుప్పు పట్టిన ఊసలు కనిపిస్తాయి. ఎవరి ఇల్లని అడిగితే, "వాళ్లాయన దోహాలో ఉన్నాడు" అంటారు.

దోహాలో స్టేడియాలు కట్టినవాళ్లం, మెట్రో కట్టినవాళ్లం, లుసైల్‌లో టవర్లు లేపినవాళ్లం మనం. పక్కవాళ్ల ఇళ్లల్లో వండి, తుడిచి, పిల్లల్ని పెంచినవాళ్లు మన అక్కచెల్లెళ్లు. ఇంత పని తెలిసిన మన ఇల్లు ఎందుకు లేవడం లేదు? జీతం తక్కువ కాబట్టి అంటారు. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మనం పని పదిమందితో కలిసి చేస్తాం, ఇల్లు మాత్రం ఒంటరిగా కట్టాలని చూస్తాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

వడ్డీ లెక్క ఒకసారి చూడండి

నేను చదివింది బీకామ్, అందుకని ముందు లెక్క చెప్తాను. వీసా కోసం లక్షన్నర అప్పు తెచ్చారనుకుందాం. నూటికి మూడు రూపాయల వడ్డీ. చెవికి చిన్నగానే వినిపిస్తుంది. నెలకు 4,500 రూపాయలు, సంవత్సరానికి 54,000. అంటే ఏడాదికి 36 శాతం. ఇక్కడ కనీస మూల వేతనం 1,000 రియాళ్లు. ఆ లెక్కన ఏడాదిలో రెండు నెలల మూల వేతనానికి మించి వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. మన దేశపు చట్టం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఆ సంగతి తెలియక కట్టినవాళ్లూ ఉన్నారు, తెలిసీ గతిలేక కట్టినవాళ్లూ ఉన్నారు.

ఇల్లు మొదలుపెట్టాక మళ్లీ అదే కథ. పునాదికి ఒక అప్పు, గోడలకు ఇంకో అప్పు. ఊళ్లో వడ్డీవ్యాపారికి మన జీతం తారీకు మనకన్నా బాగా గుర్తుంటుంది.

దీనికి విరుగుడు అని చాలామంది చీటీలు వేస్తారు. చీటీ అనేది చెడ్డదేమీ కాదు. మన పెద్దలు తెలివిగా కనిపెట్టిన పొదుపే అది. కానీ క్యాంపు గదిలో నోటిమాట మీద నడిచే చీటీకి దిక్కెవరు? మన దేశంలో 1982 చిట్ ఫండ్స్ చట్టం ఉంది. దాని కింద రిజిస్టరు కాని చీటీ నడపడమే నేరం. ఇక్కడ ఖతార్‌లో కూడా లైసెన్సు లేని డబ్బు వ్యవహారం పట్టుకుని మీరు ఏ కమిటీ ముందుకూ ధైర్యంగా వెళ్లలేరు. నాకు తెలిసిన ఒక క్యాంపులో పాతికమంది చీటీ వేశారు. మొదట్లోనే పాట పాడి ఎత్తుకున్న ఇద్దరు కంపెనీ మారి వెళ్లిపోయారు. ఇంకో ముగ్గురికి రెండు నెలలు జీతం పడలేదు, వాళ్లు కట్టలేకపోయారు. చివరి నంబర్ల కోసం ఓపిగ్గా ఆగినవాళ్లే మునిగారు. వాళ్లలో ఒకాయన ఆ డబ్బుతో స్లాబు వేద్దామని మేస్త్రీతో మాట్లాడుకుని ఉన్నాడు. ఆ సీజను పోయింది, వానలొచ్చాయి, సిమెంటు గట్టిపడి పాడైంది.

ఇందులో ఎవరు దొంగ, ఎవరు మంచివాడు అని తేల్చడం నా ఉద్దేశం కాదు. జీతం ఆగితే చీటీ ఆగుతుంది. మనిషి వెళ్లిపోతే చీటీ తెగుతుంది. అలాంటి తాడు మీద ఇల్లు కట్టకూడదు.

షోలాపూర్ తెలుగువాళ్లు ఏం చేశారు

ఇలా కాకుండా కలిసి ఇల్లు కట్టుకున్న కూలీలు ఎక్కడైనా ఉన్నారా అని మీరడగొచ్చు. ఉన్నారు, అది కూడా మనవాళ్లే. మహారాష్ట్రలో షోలాపూర్ ఉంది. మన తాతల కాలంలో తెలంగాణ నుంచి పద్మశాలీలు మగ్గాల పనికి, మిల్లుల పనికి అక్కడికి వలస వెళ్లారు. మనం దుబాయ్, దోహా అంటున్నట్టే అప్పట్లో వాళ్లు షోలాపూర్, బొంబాయి, భివండి అన్నారు. మగవాళ్లు మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీలు చుట్టడం. తరాలు గడిచినా చాలామందికి అద్దె గదులు, గుడిసెలే.

ఆ బీడీ కార్మిక మహిళలు సహకార సంఘం పెట్టుకున్నారు. నరసయ్య ఆడం అనే కార్మిక నాయకుడు ముందు నడిచారు. ఆయన మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన తెలుగువాడు, అందరూ ఆడం మాస్టర్ అంటారు. ఏళ్ల తరబడి ధర్నాలు, ఊరేగింపులు చేశారు. షోలాపూర్ పక్కన కుంభారి దగ్గర స్థలం తీసుకుని, గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్లు కట్టించారు. ఒక్కో ఇంటికి కేంద్రం 20,000, రాష్ట్రం 20,000, కార్మికురాలు తన వంతు 20,000 రూపాయలు. 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందుకున్నారు.

అక్కడితో ఆగలేదు. ఆ అనుభవం మీదే రే నగర్ పేరుతో 30,000 ఇళ్ల పని మొదలుపెట్టారు. ఈసారి బీడీ కార్మికులతో పాటు మగ్గం కార్మికులు, చెత్త ఏరుకునేవాళ్లు, డ్రైవర్లు కూడా చేరారు. 2019 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న ఆయనే వచ్చి 15,000 ఇళ్లు అప్పగించారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. సంఘం నడిపింది కమ్యూనిస్టులు. తాళాలిచ్చింది ఒకసారి కాంగ్రెస్ ప్రధాని, ఇంకోసారి బీజేపీ ప్రధాని. సంఘం గట్టిగా ఉంటే, తన వాటా డబ్బు చేతిలో పట్టుకుని నిలబడితే, ఏ ప్రభుత్వమైనా రావాల్సిందే. మన క్యాంపుల్లో పార్టీల పేరు మీద గదులు వేరు చేసుకునేవాళ్లు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

రోజుకు ఎంత కడితే లభించే సొమ్ము అది? బీడీ చుట్టే మనిషి కూలి ఎంతో మీకు తెలుసు. మన ఇళ్లల్లో కూడా అమ్మలు, అత్తలు చుట్టినవాళ్లే. ఆ కూలిలోంచి 20,000 కూడబెట్టడం మనం రియాళ్లలో కూడబెట్టడం కన్నా తేలిక కాదు.

దక్షిణాఫ్రికా ఆడవాళ్ల పాఠం

ఇంకో కథ. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఫిలిప్పీ అనే టౌన్‌షిప్ ఉంది. టౌన్‌షిప్ అంటే తెల్లవాళ్ల ప్రభుత్వం నల్లవాళ్లను ఊరి బయటకు నెట్టి ఉంచిన వాడ. పల్లెల నుంచి పని కోసం వలసొచ్చిన ఆడవాళ్లు రేకుల షెడ్లలో ఉండేవారు. అందులో చాలామంది ఇళ్లల్లో పని చేసేవాళ్లు. 1990ల మొదట్లో వాళ్లు పొదుపు మొదలుపెట్టారు. ఎంత? రోజూ చిల్లర. ఎవరి దగ్గర ఎంతుంటే అంత.

ఈ పద్ధతి వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? మన దేశం నుంచే. బొంబాయిలో ఫుట్‌పాత్‌ల మీద బతికే ఆడవాళ్ల సంఘం మహిళా మిలన్, వాళ్లకు తోడు నిలిచిన జోకిన్ అర్పుతం. ఆయన కర్ణాటకలోని కోలారు గోల్డ్ ఫీల్డ్స్ నుంచి బొంబాయికి వడ్రంగి పనికి వలసొచ్చిన తమిళుడు. బొంబాయి వాళ్లు కేప్‌టౌన్ వెళ్లారు, కేప్‌టౌన్ వాళ్లు బొంబాయి వచ్చారు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. ఇల్లు ఎంత ఉండాలో గుడ్డలు, కర్రలు కట్టి నేల మీద నిలబెట్టి చూసుకున్నారు. వంటగది ఎక్కడ, తలుపు ఎటు అని వాళ్లే తేల్చుకున్నారు.

పొదుపు చేసినంత మాత్రాన ఇల్లు పూర్తిగా రాదని వాళ్లకూ తెలుసు. కానీ పొదుపు పుస్తకం చూపించి ప్రభుత్వం దగ్గర కూర్చున్నారు. 1994లో మండేలా ప్రభుత్వం వచ్చాక పేదల ఇంటికి సబ్సిడీ ప్రకటించింది. ఆ డబ్బు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, ముందు పని సాగడానికి ఉట్షాని అనే సొంత నిధి పెట్టుకున్నారు. దాతల డబ్బు, ప్రభుత్వ డబ్బు అందులోకి వచ్చింది. విక్టోరియా మ్జెంగే అనే కాలనీ లేచింది. కాంట్రాక్టరు కట్టిచ్చిన ఇళ్లకన్నా ఆడవాళ్లు తామే దగ్గరుండి కట్టించుకున్న ఇళ్లు పెద్దవి.

అదే కేప్‌టౌన్‌లో ఇంకో దారీ ఉంది. ఐర్లండ్‌కు చెందిన నీల్ మెలన్ అనే వ్యాపారి 2002లో ఇమిజామో యెతు అనే వాడలో ఇళ్లు కట్టించడం మొదలుపెట్టారు. ఐర్లండ్ నుంచి మేస్త్రీలు, వడ్రంగులు, ప్లంబర్లు వందల మంది సెలవు పెట్టుకుని వచ్చి వారం రోజులు పని చేసి వెళ్లేవారు. అలా వేల ఇళ్లు లేచాయి. మంచి పనే, కాదనను. కానీ దాత ఉన్నంత కాలమే అది నడుస్తుంది. దాతకు డబ్బు తగ్గితే ఏంటి గతి? పొదుపు సంఘం ఉంటే దాత వచ్చినా మంచిదే, పోయినా నిలబడుతుంది.

ఉట్షాని కథలో చేదు కూడా ఉంది, దాచకూడదు. ప్రభుత్వ సబ్సిడీ రావడం ఆలస్యమైంది, కొంతమంది అప్పు తిరిగి కట్టడం తగ్గించారు, నిధి ఇబ్బందుల్లో పడింది. కొంతకాలానికి సంఘంలోనే చీలిక వచ్చింది. నేర్చుకోవాల్సింది ఏంటంటే, ఇళ్ల మోజులో పడి పొదుపు క్రమం తప్పితే పునాదే కదులుతుంది.

అనంతపురం దాతలు

మన రాష్ట్రంలో దాతృత్వంతో ఇళ్లు కట్టిన పెద్ద ఉదాహరణ అనంతపురం. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ గ్రామీణాభివృద్ధి సంస్థ పెట్టారు. అందరూ ఆర్డీటీ అంటారు. దళిత, గిరిజన, వెనకబడిన కులాల కుటుంబాలకు ఊరూరా ఇళ్లు కట్టించింది ఆ సంస్థ. స్పెయిన్‌లో మామూలు ఉద్యోగులు నెలనెలా కొంత పంపితే కట్టిన ఇళ్లవి. నాకు నచ్చింది ఒకటి. ఊళ్లో జనం సంఘంగా కూర్చుంటారు, ఇంటివాళ్లు కూలి పని తామే చేస్తారు, పట్టా ఆ ఇంటి ఇల్లాలి పేరిట ఉంటుంది. దానం తీసుకున్నట్టు కాకుండా వాటాదారులుగా ఉంటారు.

ఆ చివరి మాట మన చెల్లెళ్లకు చాలా అవసరం. ఇళ్లల్లో పనిచేసే అక్కలారా, మీరు పదేళ్లు పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు ఎవరి పేరిట ఉంది? మామ పేరిటా, మరిది పేరిటా? తిరిగి వెళ్లాక ఆ ఇంట్లో మీ మాటకు విలువ ఉండాలంటే కాగితం మీద మీ పేరుండాలి. తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లు కూడా ఆడవాళ్ల పేరిటే మంజూరు చేస్తున్నారు. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో 5 లక్షల రూపాయలు నాలుగు విడతల్లో ఇస్తారు. పని జరిగాక, ఫోటో తీశాక విడత పడుతుంది. అంటే ముందు మన జేబులోంచి పెట్టాలి. ఆ మధ్య గ్యాపులోనే వడ్డీవ్యాపారి దూరతాడు. కేప్‌టౌన్ ఆడవాళ్లు ఉట్షాని పెట్టుకున్నది సరిగ్గా ఈ గ్యాపు కోసమే.

మరి మనం ఇక్కడి నుంచి ఏం చెయ్యగలం

"అవన్నీ ఊళ్లో ఉండేవాళ్ల సంగతులు, మనం వీసా మీద ఉన్నవాళ్లం" అంటారని తెలుసు. నిజమే, ఇక్కడ చట్టం వేరు. అనుమతి లేకుండా విరాళాలు వసూలు చెయ్యడం ఖతార్‌లో నేరం. 2014 నాటి 15వ నంబరు చట్టం దీనికోసమే ఉంది. వాట్సాప్‌లో ఫోటో పెట్టి డబ్బులు అడగడం కూడా చిక్కు తెచ్చిపెట్టొచ్చు. ఎవరికైనా కష్టం వస్తే ఎంబసీ ఆధ్వర్యంలో ఉన్న ఐసీబీఎఫ్ ద్వారా వెళ్లండి. కాబట్టి డబ్బు ఒక్కచోట పోగు చెయ్యని సంఘం కావాలి. అది సాధ్యమే. ఇలా:

మొదటిది. ఒకే మండలం వాళ్లు పదిమంది నుంచి ఇరవై మంది వరకు ఒక జట్టు కండి. ఎవరి డబ్బు వాళ్ల సొంత ఎన్ఆర్ఈ ఖాతాలోనే, నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌గా వెయ్యండి. చేతులు మారదు, ఎవరూ ఎత్తుకుపోలేరు. జట్టు పని ఒక్కటే. జుమ్మా రోజు కూర్చుని ఈ నెల ఎవరు కట్టారు, ఎవరు కట్టలేదు అని ఒకరి ఫోను ఒకరు చూసుకోవడం. ఇళ్లల్లో పనిచేసే చెల్లెళ్లు సమావేశానికి రాలేకపోతే ఫోనులోనే చూపించొచ్చు. వారానికి ఒక రోజు సెలవు మాత్రం మీకు 2017 నాటి 15వ నంబరు చట్టం ఇచ్చిన హక్కు, అది అడగండి.

రెండోది. నెల మొత్తాన్ని జట్టులో అందరికన్నా తక్కువ జీతం ఉన్న మనిషిని చూసి పెట్టండి. ఫోర్‌మన్‌ను చూసి కాదు. నెలకు 100 రియాళ్లు చొప్పున ఒక్కొక్కరు రెండేళ్లు వేస్తే 2,400 రియాళ్లు, ఇరవై మందికి కలిపి 48,000. ఏ ఒక్కరి ఇంటికీ సరిపోదు. కానీ ఇరవై పునాదులకు విడత వచ్చేదాకా ఆగడానికి సరిపోతుంది.

మూడోది. ఊళ్లో మన ఆడవాళ్లు ఇప్పటికే పొదుపు సంఘాల్లో ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత మన పల్లెల్లో పొదుపు ఊపందుకుంది. 2011 నుంచి స్త్రీనిధి ఉంది. బయట నూటికి మూడు రూపాయలకు తెచ్చే ముందు సంఘం అప్పు అడిగారా లేదా అని ఇంటికి ఫోను చేసి అడగండి. జట్టులోని కుటుంబాలన్నీ కలిసి 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరు కావచ్చు కూడా. అప్పుడు బ్యాంకుతో, హౌసింగ్ అధికారితో, దాతల సంస్థతో మాట్లాడేది ఒంటరి ఇల్లాలు కాదు, ఒక సంఘం. ఇరవై ఇళ్లకు సిమెంటు, స్టీలు ఒకేసారి కొంటే రేటు కూడా వేరే.

నాలుగోది మన చేతిలో ఉన్న అసలు ఆస్తి, మన పని. మనలో షట్టరింగ్ తెలిసినవాళ్లు, ఊసలు కట్టేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు, కరెంటు పని వాళ్లు ఉన్నారు. నాట్లకు, కోతలకు బదులుకు బదులు వెళ్లే అలవాటు మనకుంది. సెలవు మీద వెళ్లినప్పుడు నీ స్లాబుకు నేనొస్తా, నా టైల్స్‌కు నువ్వు రా అని ముందే అనుకోండి. ఐర్లండ్ వాళ్లు సముద్రాలు దాటి ఎవరికో చేసిన పని మనం పక్క ఊరివాడికి చెయ్యలేమా?

జీతం హక్కు, పొదుపు హక్కు వేరు కావు

ఈ పత్రికలో పొదుపు గురించి ఎందుకు అంటారేమో. కార్మిక హక్కులకూ దీనికీ నేరుగా సంబంధం ఉంది. జీతం గడువు దాటిన ఏడు రోజుల్లోపు బ్యాంకులో పడాలని వేతన రక్షణ విధానం చెప్తోంది. చాలామంది మూడు నెలలు ఆగాక మనకు చెప్తారు. జట్టుగా పొదుపు చేస్తుంటే మొదటి నెలే బయటపడుతుంది. ఎవరి కిస్తీ తప్పిందో వాళ్ల జీతం ఆగిందని తెలిసిపోతుంది, అప్పుడే ఫిర్యాదు వెయ్యొచ్చు. పని మానేసిన తేదీ నుంచి ఏడాది దాటితే దావా హక్కే పోతుందని లేబర్ చట్టం 10వ నిబంధన. సంవత్సరానికి మూడు వారాల మూల వేతనం చొప్పున రావాల్సిన గ్రాట్యుటీని వదిలేసి టికెట్ తీసుకుని వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో. ఆ డబ్బే ఒక్కోసారి ఇంటి తలుపులు, కిటికీల ఖర్చు.

ప్రభుత్వాలను కూడా వదలకూడదు. కేరళ ప్రభుత్వ సంస్థ కేఎస్ఎఫ్ఈ 2018లో ప్రవాసీల కోసం ప్రత్యేకంగా చిట్టీ పెట్టింది. రిజిస్టర్డ్, ప్రభుత్వ పూచీ, విదేశాల నుంచే ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలను మనం అడగాల్సింది ఇదే. పోయినవాడి కుటుంబానికి సాయం ఇస్తున్నారు, సంతోషం. బతికున్నవాడి పొదుపుకు పూచీ ఇవ్వండి అని అడుగుదాం. ఎన్నికలప్పుడు గల్ఫ్ ఓట్లు గుర్తొచ్చే నాయకులు దోహా వచ్చినప్పుడు శాలువా కప్పి ఫోటో దిగేబదులు ఈ ఒక్క కాగితం చేతిలో పెడదాం.

"నమ్మకం ఎవరి మీద పెట్టాలి?" అని చివరి ప్రశ్న ఒకటి ఉంటుంది. ఎవరి మీదా పెట్టక్కర్లేదు. అందుకే డబ్బు మీ ఖాతాలోనే ఉండాలంటున్నాను. నమ్మకం మాటతో మొదలవ్వదు, నెలనెలా కట్టిన కిస్తీతో పుడుతుంది. ఆరు నెలలు పక్కపక్కన కూర్చుని ఒకరి లెక్క ఒకరు చూసుకున్నాక, సంఘం రిజిస్టరు చెయ్యాలా వద్దా అని మీకే తెలుస్తుంది.

ఈ శుక్రవారం గదిలో మీ మండలం వాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. పదిమంది దాటితే పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఎవరి ఇల్లు ఎక్కడ ఆగిందో పక్కన రాయండి. పునాది, గోడలు, స్లాబు, తలుపులు. ఆ జాబితానే మీ మొదటి సంఘం పుస్తకం.